నాలుగు సరస్సులున్న దేశానికి సముద్రం చేప దేనికి?

పోయిన నెల రాజుగారు మా ఇంటికి భోజనానికొచ్చారు. అసలు పేరు వద్దులెండి, భీమవరం వైపు ఆయన కాబట్టి రాజుగారు అనుకుందాం. జాంబియాలో, కిట్వే అనే రాగి గనుల ఊళ్ళో, మేమిద్దరం ఒకే గోడకి అటొకరు ఇటొకరు మూడేళ్ళు ఉన్నాం. నేను 2017 లో సామాను సర్దుకుని వచ్చేశాను, ఆయన అక్కడే ఉండిపోయారు, ఇప్పుడు కరీబా సరస్సులో ఇంకో ఇద్దరితో కలిసి ఓ రెండు కేజులు (నీళ్ళలో కట్టే వల గూళ్ళు) వేసి తిలాపియా చేప పెంచుతున్నారు. భీమవరం మనిషిని ఎక్కడ దింపినా చివరికి నీళ్ళ దగ్గరికే చేరతాడనుకోండి.

మా ఆవిడ కొర్రమీను పులుసు పెట్టింది. రెండో వాయి వడ్డించుకుంటూ ఆయన మొదలెట్టారు. "ఏంటండీ ఆ దేశం, టాంగన్యీకా ఉంది, మ్వేరు ఉంది, బాంగ్వేలు ఉంది, కరీబా ఉంది, పైగా జాంబెజీ నది ఉంది. ఇన్ని పెట్టుకుని పక్క దేశం సముద్రంలోంచి చేప తెప్పించుకు తినడం సిగ్గుచేటు కాదూ? ఆ మాకరెల్ లారీల్ని బోర్డర్ దగ్గరే ఆపేస్తే రెండేళ్ళలో దేశం మొత్తానికి మేం పెడతామండి చేప, ఆయ్."

నేను అప్పుడేమీ అనలేదు. నోట్లో ముల్లు ఉంది, పైగా ఇంటికొచ్చిన మనిషి. కానీ ఆ మాట వదల్లేదు నన్ను, నెల రోజులుగా ఆఫీసుకెళ్ళే దార్లో కూడా ఆయనతో మనసులోనే వాదించుకుంటున్నాను. నా వాదన ఒకటే, ఆ లారీలు ఆపకూడదు. ఇది ఆయనకి ఒక్క ముక్కలో చెప్పేస్తే వినరు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాసుకుంటున్నాను.

పార చేపకి మాకరెల్ పేరు

కిట్వేలో మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడని బానా చాండా అనేవాళ్ళం. బెంబా భాషలో బానా అంటే ఫలానా వాళ్ళ అమ్మ అని, పెద్దపిల్ల పేరు చాండా. (మనకి చందా అంటే వేరే అర్థం కాబట్టి మా అమ్మ ఫోన్లో ప్రతిసారీ నవ్వేది.) పిల్లలున్న ఆడవాళ్ళని అక్కడ సొంత పేరుతో పిలిస్తే మర్యాద కాదు.

ఓ శనివారం ఆవిడ చిసొకోనే మార్కెట్ నించి నాలుగు చేపలు నల్ల ప్లాస్టిక్ కవర్లో తెచ్చి, మా వంటింట్లోనే శుభ్రం చేస్తానంది. వాళ్ళింట్లో ఆ రోజు నీళ్ళు రాలేదు. నేను కూడా ఓ చెయ్యి వేద్దామని కత్తి తీసుకున్నాను. గట్టిగా రాయిలా ఉంది చేప, కడుపు దగ్గర ఇంకా ఐసు. మాకరెల్ అన్నారు కదా, మన కానాగంత లాంటిదే అనుకుని తోక నించి తల వైపుకి వేలితో ఇలా రాశానో లేదో చర్రున కోసుకుపోయింది. పక్కన తోక దాకా రంపపు పళ్ళలా గట్టి పొలుసుల వరస. బానా చాండా నవ్వుతూ కత్తి లాక్కుని ఆ వరసని తోక దగ్గర్నించి ఒక్క గీతలో చెక్కేసి అవతల పడేసింది.

అప్పుడర్థమైంది అది మాకరెల్ కాదని. హార్స్ మాకరెల్ అంటారు, జాతి చూస్తే మన పార చేపల చుట్టం. అసలు మాకరెల్ అంటే మన కానాగంతే, దాని శాస్త్రీయ నామంలోనే మన తెలుగు మాట ఉంది, రాస్ట్రెల్లిజర్ కానాగుర్తా అని. పాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నంలో జాలర్లని అడిగి చేపల పేర్లు, బొమ్మలు రాసుకుని 1803 లో పుస్తకం వేశాడు, అందులోంచి ఎక్కింది ఆ పేరు. చేపల గురించి ఎక్కడ మొదలెట్టినా మనవాళ్ళు ఓ మూల తగులుతారు.

సరే, ఈ చేప ఎక్కడ్నించి వస్తుందంటే నమీబియా తీరం. అక్కడ బెంగ్వేలా అని చల్లటి ప్రవాహం, అడుగు నీళ్ళు పైకి తేలి దాంతోపాటు మేత తెస్తుంది, అందుకే ఆ ఎడారి పక్క సముద్రంలో అంత చేప. పెద్ద ట్రాలర్లు నడి నీళ్ళలో వల లాగి పడవ మీదే గడ్డకట్టించి డబ్బాలకెత్తుతాయి. వాల్విస్ బే రేవులో దింపి, ఫ్రీజర్ లారీల్లో ఎడారి దాటి, రుండూ మీదుగా కటీమా ములీలో అనే ఊరు చేరి, అక్కడ 2004 లో తెరిచిన బ్రిడ్జి మీద జాంబెజీ దాటితే జాంబియా వైపు సెషెకే, ఆ తర్వాత లివింగ్‌స్టన్, లుసాకా. లుసాకాకే సుమారు 2000 కిలోమీటర్లు, కిట్వేకి ఇంకో 360. జాంబియా రాగి కొంత సముద్రానికి వెళ్ళేదీ ఇదే రోడ్డున.

రాజుగారి లెక్కలో ఇదంతా పిచ్చి పని. ఇంటి వెనకాల చెరువు పెట్టుకుని రెండు వేల కిలోమీటర్ల అవతల్నించి చేప. వినడానికి ఆయనదే న్యాయం అనిపిస్తుంది కూడా.

ఒక చేప, ఐదుగురు

కానీ ఆ శనివారం నేను చూసిందేంటంటే, బానా చాండా తెచ్చిన నాలుగు చేపలు ఆ పూటకి కాదు, నాలుగు రోజులకి. రోజుకొకటి, ఇంట్లో ఐదుగురు. ఒక్కో చేపని మూడు నాలుగు ముక్కలు చేసి, కాస్త సలాదీలో (నూనెని అక్కడ అలాగే అంటారు) వేయించి, ఉల్లిపాయ టమోటా వేసి నీళ్ళు ఎక్కువ పోసి మరగబెడుతుంది. మొక్కజొన్న పిండి సంకటి, వాళ్ళు ఉబ్వాలి అంటారు, ఇంగ్లీషులో అందరూ న్షిమా అంటారు, దాన్ని ముద్ద చేసి బొటనవేలితో గుంట పెట్టి ఆ నీళ్ళలో ముంచుకోవడం. ముక్క అందకపోయినా చేప రుచి అందుతుంది. మన పులుసు సూత్రమే కదండీ అది, ఒక ముక్కకి రెండు పళ్ళేల అన్నం పోవాలి. ఈ సూత్రానికి కొవ్వున్న చేప, వాసనున్న చేప కావాలి. బ్రీమ్ (తిలాపియాని అక్కడ అలా అంటారు) తెల్లగా, మెత్తగా, మర్యాదగా ఉంటుంది, నీళ్ళు పోస్తే దాని ఊసే ఉండదు.

ఇక ధర. ఒక మాదిరి బ్రీమ్ కొనే డబ్బుకి మాకరెల్ మూడు వచ్చేవి ఆ రోజుల్లో. అదీ విడిగా ఒక్కటి కొనుక్కోవచ్చు. మార్కెట్లో ఆడవాళ్ళు డబ్బాని నేలకేసి రెండు దెబ్బలు కొట్టి, గడ్డకట్టిన దిమ్మని విడదీసి, సైజు వారీగా బల్ల మీద పేరుస్తారు. కొందరు అక్కడే వేయించి అమ్ముతారు, గని షిఫ్టు దిగినవాళ్ళు నిలబడి తింటారు. ఒక డబ్బా మీద ఒక ఇల్లు నడుస్తుంది. రాజుగారి వాదనలో ఈ ఆడవాళ్ళు ఎక్కడా లేరు, చేప అంటే పెంచేవాడు, దిగుమతి చేసేవాడు ఇద్దరే.

తిలాపియా పెంచితే ధర తగ్గదా అంటే, మేత ఖర్చు ఉంది కదా. చేపల పెంపకంలో సగానికి పైన మేతకే పోతుందని రాజుగారే నాకు పాఠం చెప్పారు ఒకప్పుడు. సముద్రం చేపకి మేత ఎవరూ పెట్టలేదు. డీజిలు, ఐసు, లారీ, అంతే. ఇంకో సంగతి, ఆ మేతలో కలిపే చేప పిండి ఎక్కడిది? నమీబియాలోనే చిన్న సైజు హార్స్ మాకరెల్ కొంత పిండిమరకి పోయేది ఏళ్ళ తరబడి. సముద్రం చేపని పిండి చేసి, చెరువు చేపకి పెట్టి, ఆ చేపని డబ్బున్నవాడికి అమ్మడం కన్నా, మొదటి చేపనే బానా చాండా ఇంటికి పంపడం నయం కదా అని నాకనిపిస్తుంది. భీమవరం మనిషితో ఈ మాట అనడానికి కొంచెం ధైర్యం కావాలి, రొయ్య మేత సంగతి కూడా ఎత్తాల్సొస్తుంది.

ఆ దేశంలో 2018 సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో 35 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. మూడు పూటలా మొక్కజొన్న తింటే అంతే అవుతుంది మరి. ఇలాంటి చోట చవక చేపని బోర్డర్లో ఆపాలనడం నాకు మింగుడుపడదు.

సరస్సులు ఖాళీ అయ్యే పద్ధతి

నాలుగు సరస్సులు అనగానే నిండుగా చేపలనుకుంటాం. లువాపులా నదిలో, మ్వేరు సరస్సులో మ్పుంబు అని ఒక చేప ఉండేది. లేబియో జాతి, అంటే మన శీలావతికి, అదే రోహుకి, దగ్గర బంధువు. వానలకి గుడ్లు పెట్టడానికి గుంపులు గుంపులుగా నదికి ఎదురెక్కేది. అప్పుడు కాంగో వైపు కటంగా గనులు, ఇటు జాంబియా రాగి గనులు, వేలమంది కూలీలకి చేప కావాలి. గ్రీకు వ్యాపారులు కసెంగాలో దిగి పడవలు, ఐసు, లారీలు పెట్టారు. గుడ్లతో ఎదురెక్కే చేపకి అడ్డంగా వలలు కట్టారు. 1940ల చివరికి మ్పుంబు పని అయిపోయింది. ఆ తర్వాత అక్కడ నిలబడింది చిసెన్సే అనే చిటికెన వేలంత చిన్న చేప.

నేనున్నప్పటికి పరిస్థితి ఇంకా ఇరుకు. మలేరియా రాకుండా ఉచితంగా ఇచ్చిన దోమతెరలు నాలుగైదు కలిపి కుట్టి చేపలు పట్టేవాళ్ళు, అందులోంచి పిల్ల కూడా తప్పించుకోదు. తప్పు పట్టాలనే ఉంటుంది, కానీ ఇంట్లో కూర లేనివాడికి వచ్చే ఏటి చేప గురించి ఎవడు చెప్తాడు.

దీనికే ప్రభుత్వం ఏటా డిసెంబరు 1 నించి ఫిబ్రవరి చివరిదాకా చాలా చోట్ల వేట నిషేధం పెడుతుంది. మనకి తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా బోట్లు కట్టేసినట్టే. మన దగ్గర సముద్రం మూస్తే చెరువు ఆదుకుంటుంది, అక్కడ చెరువు మూస్తే సముద్రం ఆదుకుంటుంది. ఆ మూడు నెలలు మార్కెట్లో మాకరెల్ లేదనుకోండి, నిషేధం ఎవరైనా ఖాతరు చేస్తారా? దొంగ వేట ఇంకా పెరుగుతుంది. రాజుగారు సిగ్గుచేటు అంటున్న చేపే ఆ దేశపు సరస్సుల్ని కాస్తో కూస్తో కాపాడుతోందని నా నమ్మకం. లెక్కలు తీసి నిరూపించమంటే నా వల్ల కాదు.

నాకున్న అనుమానాలు

ఇంతవరకూ రాసింది చదివితే ఏదో దిగుమతి కంపెనీ వాడిలా ఉన్నాను. కానీ 2015 నేను అక్కడే చూశాను, అది మర్చిపోయి రాస్తే తప్పు.

ఆ ఏడు రాగి ధర పడిపోయింది, గనుల్లో మనుషుల్ని తీసేశారు. మొదట్లో డాలరుకి 6 చిల్లర ఉన్న క్వాచా (అక్కడి రూపాయి) నవంబరుకి 14 దాకా పోయింది. దేశాధ్యక్షుడు లుంగూ అక్టోబరు 18 న అందర్నీ ఉపవాసం ఉండి ప్రార్థన చెయ్యమన్నాడు, నిజం, ఆ రోజు బార్లు కూడా మూసేశారు. క్వాచా పడితే బయటి చేప ధర పెరుగుతుంది, లేదా అదే ధరకి సన్న చేప వస్తుంది. బానా చాండా నాలుగు చేపలు మూడయ్యాయి, తర్వాత రెండు, మిగతా రోజులు చిలగడదుంప ఆకు.

దానికి తోడు కరెంటు. అప్పట్లో దేశంలో కరెంటు 80 శాతం పైన జలవిద్యుత్తే, వానలు లేక కరీబాలో నీళ్ళు దిగిపోయాయి, రోజుకి ఎనిమిది గంటలు కోత. గడ్డకట్టిన చేప మీద ఆధారపడ్డ ఊరికి ఎనిమిది గంటల కోత. కరగడం, మళ్ళీ గడ్డకట్టడం, మళ్ళీ కరగడం. ఓ సాయంత్రం మా వీధి చివర కొట్లో కొన్న చేప వండుకు తిన్నాం, వాసనేమీ తేడా లేదు, అరగంటలో నా మొహం మెడ ఎర్రగా మండిపోయి, గుండె దడదడ. డాక్టరు చూసి హిస్టమిన్ అన్నాడు, ఇలాంటి చేప చల్లదనం తప్పితే కండలో అది పుడుతుందిట, ఎంత ఉడికించినా పోదుట. మాత్ర వేసుకుంటే తగ్గిపోయింది. నాకు డాక్టరున్నాడు, మాత్రకి డబ్బులున్నాయి. 2024 కరువులో అయితే నేను చూసినదానికన్నా ఘోరంగా కరెంటు తీశారని రాజుగారే చెప్పారు, ఆ ఫిబ్రవరిలో దాన్ని జాతీయ విపత్తుగా ప్రకటించారు కూడా.

ఇంకో అనుమానం నమీబియా సముద్రం మీదే. అక్కడ 1960ల్లో పిల్చర్డ్ అనే కవళ్ళ లాంటి చేపని టన్నులకి టన్నులు తోడేశారు, 1968 లో శిఖరం, తర్వాత కుప్పకూలింది, ఈ రోజుకీ కోలుకోలేదు. ఆ నీళ్ళలో ఇప్పుడు జెల్లీ చేపలు. 1990 లో స్వాతంత్ర్యం వచ్చాక నమీబియా వాళ్ళు తమ సముద్రాన్ని బాగానే పట్టులో పెట్టుకున్నారు, కోటాలు పెట్టారు, హార్స్ మాకరెల్ కోటా 2010ల్లో చాలా ఏళ్ళు 3 లక్షల టన్నులు దాటింది. బాగుంది అనుకునేలోపు 2019 నవంబరులో ఫిష్‌రాట్ కుంభకోణం. సరిగ్గా ఈ చేప కోటాల కోసమే ఐస్‌లాండ్ కంపెనీ ఒకటి లంచాలిచ్చిందని ఆరోపణ, చేపల మంత్రి, న్యాయశాఖ మంత్రి ఇద్దరూ రాజీనామా చేశారు, అరెస్టయ్యారు. అంటే బానా చాండా కూర గిన్నె ఎక్కడో నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో ఎవరి జేబు ఎంత నిండిందన్నదాని మీద ఆధారపడి ఉంది. ఇది రాజుగారి వైపు వాదన, నిజాయితీగా ఒప్పుకోవాలి.

ఇంకోటి చూడండి, అదే సముద్రంలో దొరికే హేక్ అనే తెల్ల చేప స్పెయిన్ పోతుంది. ముళ్ళున్న, వాసనున్న చేప ఉత్తరానికి, జాంబియాకి, కాంగోకి. మంచిది తెల్లవాడికి, మిగిలింది మనకి అని కిట్వేలో ఒక టాక్సీ అతను అన్నాడు నాతో. నాకు ఆ మాట గుచ్చుకుంది, కానీ నాలుక ఒప్పుకోలేదు. నూనె కారే హార్స్ మాకరెల్ ముందు ఆ హేక్ ఏపాటి, దూదిలా ఉంటుంది. రుచి సంగతి వేరే, గౌరవం సంగతి వేరే అని అతను అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మరి హైదరాబాద్ సంగతి

రాజుగారితో మనసులో వాదించేటప్పుడు నేను వాడే పెద్ద అస్త్రం ఇది. తెలంగాణకి సముద్రం లేదు. చెరువులు వేలల్లో ఉన్నాయి, ప్రభుత్వం చేపపిల్లలు ఉచితంగా వదులుతోంది. అయినా ఆదివారం పొద్దున రామ్‌నగర్ మార్కెట్‌కి వెళ్తే వంజరం, చందువా, కానాగంత, అన్నీ కోస్తా నించి రాత్రికి రాత్రి ఐసులో వచ్చినవే. ఎవరైనా సిగ్గుచేటు అన్నారా? భీమవరం చేప లారీల్లో అస్సాం దాకా పోతుంది, బ్రహ్మపుత్ర పెట్టుకుని ఆంధ్రా చేప తింటారా అని అక్కడివాళ్ళు అంటే రాజుగారు ఊరుకుంటారా? కారణం వేరే అయినా ఆపడం జరిగింది కూడా, 2018 లో చేప చెడకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలుపుతున్నారన్న గొడవప్పుడు అస్సాం కొన్నాళ్ళు మన చేపని ఆపేసింది, భీమవరంలో ఎంత గగ్గోలు పుట్టిందో ఆయనకే బాగా తెలుసు.

ఈ అస్త్రం వేద్దామనుకునేలోపు నాకే దాంట్లో బొక్క కనిపించింది. విశాఖ నించి హైదరాబాద్‌కి వచ్చే చేపకి ఒకటే రూపాయి, మధ్యలో దేశం బోర్డరు లేదు. జాంబియా చేపకి డాలరు కావాలి, కస్టమ్స్ కావాలి, ఇంకో దేశపు మంత్రి బుద్ధి సరిగా ఉండాలి. కాబట్టి పూర్తిగా ఒకటి కాదు. సగం ఒకటి.

ఆపాల్సినదేదైనా ఉంటే, గడ్డకట్టించి చైనా నించి వచ్చే తిలాపియా సంగతి చూడమనండి. అది నేరుగా రాజుగారి చేపతో పోటీ, అదే జాతి, అదే గిరాకీ. దాని మీద పన్ను వేస్తే ఆయన మొర నాకూ అర్థమవుతుంది. మాకరెల్ కొనేవాళ్ళు వేరు, అది దొరక్కపోతే బానా చాండా బ్రీమ్ కొనదు, ఆకుకూరతో సరిపెడుతుంది. 2015 లో సరిపెట్టింది, నేను చూశాను. ఇంపోర్టు ఆపితే లోకల్ చేప అమ్ముడవుతుందన్న లెక్క అక్కడే తప్పుతుంది. ఆపే శక్తేదో ఉంటే దాన్ని మార్కెట్ పక్కన ఓ కోల్డ్ రూము, దాని మీద సోలార్ పలకలు పెట్టడానికి వాడితే, నాకొచ్చిన ఆ మంటలు, దడ ఇంకొకరికి రావు.

మొన్న ఆదివారం ఇవన్నీ కూడబలుక్కుని రాజుగారికి ఫోన్ చేశాను. ఆయన కరీబా దగ్గరే ఉన్నారు, గాలి హోరు వినిపిస్తోంది. అస్త్రాలన్నీ తీసేలోపు ఊరికే అడిగాను, మీ కేజుల దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి మధ్యాహ్నం ఏం పెడతారండీ అని.

"ఏముందండీ, న్షిమా, మాకరెల్."

"మీ చేప పెట్టొచ్చు కదా?"

"మా చేప పెడితే గిట్టుద్దాండీ?" అని నవ్వేశారు. నవ్వాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఈ నెల డబ్బా రేటు మళ్ళీ పెంచారండీ, లివింగ్‌స్టన్‌లో ఎవరైనా హోల్‌సేల్ వాడు మీకు తెలుసా అని అడిగారు.